పన్నెండో నెల కోడి

మియావ్ సూపింగ్‌కి దేవుళ్ళ మీద పెద్ద గురి లేదు గానీ కోడి సంవత్సరం అంటే మాత్రం హడల్. ఎందుకుండదు మరి. పన్నెండేళ్ళకోసారి అది తిరిగొస్తుంది, వచ్చినప్పుడల్లా ఆమె ఇంట్లోంచి ఏదో ఒకటి పట్టుకుపోతుంది. ఎవరు ఏ జంతువు సంవత్సరంలో పుడితే, ఆ సంవత్సరం మళ్ళీ వచ్చినప్పుడు ఆ ఏడాదిని ఏలే అధిపతి కన్ను వాళ్ళ మీదే ఉంటుందని ఆ బొగ్గుకొండల్లో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. తెలిసినవాళ్ళలో సగం మంది నవ్వేసి ఊరుకుంటారు. సూపింగ్‌కి నవ్వే వెసులుబాటు ఎవరూ ఇవ్వలేదు.

ఆమె పుట్టింది రెండో నెలలో. రెండో నెల కోడికి పొద్దస్తమానం నేల గీరుకోవడమే తప్ప గూట్లో కుదురుగా కూర్చునే రాత లేదంటారు అక్కడ. మొదటిసారి తన సంవత్సరం తిరిగొచ్చేసరికి ఆమెకి పన్నెండేళ్ళు. ఆ ఏడు కొర్ర కోతల్లో తల్లి కడుపు పట్టుకుని చేలోనే కూలబడింది. బండి మీద ఊళ్ళోకి తెచ్చేలోగా అంతా అయిపోయింది. రెండోసారి వచ్చేసరికి ఇరవై నాలుగు. పెళ్ళయి, మొగుడు యెన్ ఫూషాన్‌తో దూరంగా గని కూలీల బస్తీలో ఉంటోంది. ఆ ఏడు చివర్లో కూతురు పుట్టింది. తల్లీబిడ్డా బతికారు గానీ, ఇంకో కాన్పు మాట ఎత్తొద్దని నర్సు కరాఖండీగా చెప్పేసింది. మూడోసారి వచ్చేసరికి ముప్ఫై ఆరు. ఫూషాన్ పొద్దున్నే జొన్నరొట్టె మూట కట్టుకుని గనిలోకి దిగాడు. మూట పైకొచ్చింది, మనిషి రాలేదు.

ఇక నాలుగోసారి. ఆ శీతాకాలం అంతా సూపింగ్ తను పనిచేసే వెనిగర్ షెడ్డులో జాడీల ముందు వంగి, ఉడికి పులిసిన జొన్నముద్దని రెండు చేతులా తిరగేస్తూ ఒకటే ఆలోచించేది. ఈసారి పట్టుకుపోవడానికి ఇంట్లో ఏం మిగిలింది? కొండవాలులో తొలిచిన రెండు గుహగదులు, ఒక బొగ్గుకుప్ప, తను, కూతురు రూయున్. తనని పట్టుకుపోతే సంతోషంగా పోతుంది. కానీ అధిపతి ఎప్పుడూ ఆమెని అడిగి తీసుకోలేదు. పైగా రూయున్ కూడా కోడే. తల్లికి నలభై ఎనిమిది నిండుతాయి, పిల్లకి ఇరవై నాలుగు. ఇద్దరి మీదా ఒకేసారి కన్ను పడే సంవత్సరం అది.

దీనికి తోడు ఆమె కడుపులో ఇంకో మాట దాగి ఉంది. రూయున్ పుట్టింది పన్నెండో నెల ఇరవయ్యో తేదీన. అక్కడి లెక్కలో పుట్టగానే ఏడాది వయసు, పది రోజుల్లో కొత్త సంవత్సరం వచ్చేసరికి రెండేళ్ళు. అదొక ముచ్చట. కానీ పన్నెండో నెల కోడి అంటే పండగ కోసం మెడ కోసే కోడి. అలాంటి ఆడపిల్లని కోడలిగా తెచ్చుకుంటే ఇంటికి కత్తి తెచ్చుకున్నట్టేనని అత్తలు మొహం తిప్పుకుంటారు. ఫూషాన్ బిడ్డని చేతుల్లోకి తీసుకుని ఈ సంగతే అన్నాడు. ఎవరికి తెలుస్తుంది, ఎనిమిదో నెల అని చెబుదాం అన్నాడు. ఎనిమిదో నెల పండు వెన్నెల నెల, గింజలు రాలే నెల, ఆ నెల కోడికి తిండికి లోటుండదు. బిడ్డ నడిచేదాకా వాళ్ళు ఊరికి రాలేదు. వచ్చాక ఎనిమిదో నెలే చెప్పారు, రిజిస్టరులో ఎనిమిదో నెలే రాయించారు. చివరికి పిల్లకి కూడా అదే చెప్పారు.

ఏటా ఎనిమిదో నెలలో రూయున్‌కి పుట్టినరోజు చేసేది సూపింగ్. పన్నెండో నెల ఇరవయ్యోనాడు మాత్రం, కారణం చెప్పకుండా, తెగకుండా సాగదీసిన పొడుగాటి సేమియా ఒక గిన్నెడు వండి, పైన గుడ్డు పెట్టి పిల్ల ముందు పెట్టేది. ఆయుష్షు కోసం పుట్టినరోజున తినే సేమియా అది.

"ఇవాళేం రోజే అమ్మా, ఈ మర్యాద?" అని అడిగేది రూయున్.

"చలిగా ఉంది, తిను."

"నిన్నా చలిగానే ఉంది. నిన్న ఉట్టి గంజి పోశావు."

"నోరు మూసుకుని తిను. మధ్యలో కొరకొద్దు, పొడుగ్గా పీల్చు."

రూయున్‌ది గట్టి నోరు, తేలిక చేయి. అదే షెడ్డులో సీసాలకి లేబుళ్ళు అంటించే పని ఆమెది. ఆమె అంటించిన లేబుల్ వంకర పోయిందని ఎవరూ అనలేదు. అంటిస్తూ ఏదో ఒక కూనిరాగం తీసేది, పక్కవాళ్ళని ఏడిపించేది. తల్లీకూతుళ్ళిద్దరూ నడిచొస్తుంటే వాళ్ళకంటే ముందు వాళ్ళ వెనిగర్ వాసన ఇల్లు చేరేది. రాత్రి ఇద్దరూ తూర్పు గదిలో, కింద పొయ్యి పెట్టి కాచే వెచ్చటి ఇటుక అరుగు మీద ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళు. పడమటి గదిలో పాత జాడీలు, ఫూషాన్ బూట్లు, నిరుడు ఎండబెట్టిన మొక్కజొన్న పొత్తులు ఉండేవి.

ఆ ఆకురాలు కాలంలోనే రూయున్‌కి సంబంధం కుదిరింది. లోయ అవతల బాయ్ వాళ్ళ రెండోవాడు, లారీ నడుపుతాడు, డ్రాగన్ సంవత్సరంలో పుట్టాడు. డ్రాగన్‌కీ కోడికీ పొత్తు కుదిరినట్టు ఇంకే రెండింటికీ కుదరదని అందరూ సంబరపడ్డారు. సంబంధం తెచ్చింది షీ అక్క. అబ్బాయి తల్లికి వరసకి తోడికోడలు, నోట్లో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు, ఊరందరి పెళ్ళిళ్ళూ తన చేతి మీదుగానే కావాలన్న పట్టుదల. మొదటిరోజే ఆమె అంది, "పిల్ల ఏ నెలో సరిగ్గా చెప్పు సూపింగూ. మా తోడికోడలు నిరుడు ఒక పిల్లని పన్నెండో నెలని తెలిసి, కలిపిన టీ కూడా తాగకుండా లేచొచ్చేసింది."

"ఎనిమిదో నెల," అంది సూపింగ్. ఇరవై ఏళ్ళ పైన అలవాటైన మాట, తడబడలేదు.

కొత్త సంవత్సరానికి ముందు, కోడి సంవత్సరం గండం దాటే మార్గం అడగడానికి సూపింగ్ గుడ్డి కువాంగ్ దగ్గరికి బయలుదేరింది. పెళ్ళి ముహూర్తం కూడా అడిగేద్దామని షీ అక్క వెంట పడింది. వద్దనడానికి సూపింగ్‌కి సాకు దొరకలేదు.

కువాంగ్ చిన్నప్పుడే చూపు పోయిన ముసలాయన. వేళ్ళ కణుపుల మీద లెక్కలు వేసి చెప్తాడు. ఆయన గదిలో వీళ్ళకంటే ముందు ఎవరో పొరుగూరి ముసలమ్మ కూర్చుని కోడలి గురించి అడుగుతోంది. ఆ కోడలూ కోడే, పన్నెండో నెల కోడి.

"పన్నెండో నెలదా? దానికి దాక్కునే పని లేదమ్మా," అన్నాడు కువాంగ్, బొటనవేలు కణుపుల మీద ఆడిస్తూ. "పుట్టిన నెలలోనే కత్తి దాని మెడ దాకా వచ్చి దాటిపోయింది. ఒకసారి దాటిపోయినదాన్ని అధిపతి మళ్ళీ చూడడు. పండగ వెళ్ళాక వసంతం అడుగుపెట్టే రోజు మాత్రం ఒంటరిగా ఉంచకు. నలుగురి మధ్యా కూర్చోబెట్టు. తలుపులు బార్లా తీసి పెట్టు. అంతే, ఇంటికి పో."

సూపింగ్ ఆ మాట విన్నది. ఒక్కో ముక్కా విన్నది. పక్కనే షీ అక్క గింజల తొక్కలు దోసిట్లోకి ఉమ్ముకుంటూ తనూ విన్నది.

ముసలమ్మ లేచింది. సూపింగ్ ముందుకి జరిగింది.

"పిల్లకెంత?"

"పండగ పోతే ఇరవై అయిదు నడుస్తుంది పెద్దాయనా. కోడి."

"ఏ నెల?"

నాలుక చివరిదాకా వచ్చింది అసలు నెల. షీ అక్క మోకాలు ఆమె మోకాలికి తగులుతోంది. బాయ్ వాళ్ళ గుమ్మం ఆ మోకాలంత దగ్గరలో ఉంది. "ఎనిమిదో నెల," అంది.

ముసలాయన పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చాడు. "వెన్నెల నెల కోడి. తిండికి లోటు లేదు గానీ అదే దాని గండం. వెలుగు చూస్తే కూయకుండా ఉండలేదు. కూసిందంటే ఎక్కడుందో అధిపతికి తెలిసిపోతుంది. వసంతం అడుగుపెట్టే రోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు తెల్లారేదాకా ఒక్కతే ఒక గదిలో దాక్కోవాలి. చీలికంత వెలుగు కూడా లోపలికి రాకూడదు. తలుపు సందులు, కిటికీ సందులు ఎర్రకాగితంతో మూసెయ్యి. ఎవరు పిలిచినా పలకొద్దు, ఎవరు తట్టినా తియ్యొద్దు."

"నేనూ కోడినే. ఇద్దరం కలిసి ఒకే గదిలో ఉంటే కాదా?"

"ఒక గూట్లో రెండు కోళ్ళా? పొడుచుకు చస్తాయి. వేరువేరు గదులు. నువ్వు పిలిస్తే అది పలకకూడదు, అది పిలిస్తే నువ్వు పలకకూడదు. పలికితే ఇద్దరి జాడా ఒకేసారి దొరుకుతుంది."

"అదృష్టవంతురాలిని, నాది ఎలక సంవత్సరం," అంది షీ అక్క. "మా ఇంట్లో ఎవరూ దాక్కోనక్కర్లేదు, మా ఆయన తప్ప. ఆయన ఏడాది పొడుగునా నా నుంచి దాక్కుంటూనే ఉంటాడు."

కువాంగ్ కూడా నవ్వాడు. సూపింగ్ నవ్వినట్టు పెదాలు కదిపింది.

మళ్ళీ ఒకరోజు ఒంటరిగా వచ్చి నిజం చెబుదామనుకుంది. మంచు పడింది, పండగ పనులు మీద పడ్డాయి, షెడ్డులో సెలవు దొరకలేదు. ఇవన్నీ సాకులే. అసలు భయం వేరు. ముసలాయన నోరు వదులు, మాట లోయ దాటడానికి పూట పట్టదు. దాక్కోనక్కర్లేని పిల్ల దాక్కుంటే వచ్చే నష్టమేముంది, ఎక్కువ జాగ్రత్త పడితే పోయేదేముంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది. తల్లులు ఇలాంటి చోటే మోసపోతారు. జాగ్రత్త ఎక్కువైతే చెడుపు జరగదని వాళ్ళ నమ్మకం.

పండగొచ్చింది, వెళ్ళింది. కోడి సంవత్సరం మొదలైంది. సూపింగ్ కూతురికి గండం కాచే ఎర్ర బనీను, ఎర్ర నడుంపట్టీ, ఎర్ర మేజోళ్ళు కొన్నది. వీటిని ఎవరికి వాళ్ళు కొనుక్కుంటే పనిచేయవు, పెద్దవాళ్ళు ఇవ్వాలి. సూపింగ్‌కి ఇచ్చే పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకని రూయున్ తన జీతంలోంచి తల్లికి ఒక ఎర్ర పట్టీ కొని తెచ్చింది.

"నువ్వు నాకంటే చిన్నదానివే. ఇది పనిచేయదు," అంది సూపింగ్.

"షెడ్డులో నీ పైన సూపర్‌వైజర్ నన్నే అడుగుతాడు లెక్కలు. అక్కడ నేనే పెద్ద. కట్టుకో."

కట్టుకుంది. దాక్కునే మాట చెప్పేసరికి మాత్రం రూయున్ పడి పడి నవ్వింది.

"అమ్మా, నేను ఫోన్ లేకుండా పూట గడపలేను. ఒక రాత్రంతానా? ఆ పడమటి గదిలో ఎలకలకి నేను తోడు."

"నవ్వకు. మీ నాన్న కూడా నవ్వాడు."

రూయున్ నవ్వు ఆపేసింది. ఫూషాన్ పోయిన ఏడు ఈ పట్టీలు, దాక్కోవడాలు అన్నీ చాదస్తం అని నవ్వినవాడే. ఇంట్లో ఆ మాట ఎత్తాక ఇక వాదన ఉండదని ఇద్దరికీ తెలుసు. "సరే లే," అంది పిల్ల. "పెళ్ళయ్యాక మాత్రం నన్నెక్కడా దాచకు. ఆయన లారీలో ఎక్కించుకుని సముద్రం చూపిస్తానన్నాడు."

వసంతం అడుగుపెట్టే రోజు అని పేరే గానీ బయట మోకాలి లోతు మంచు. సూపింగ్ తెల్లవారుజామునే లేచి పడమటి గది ఊడ్చింది. జాడీలు ఒక మూలకి నెట్టింది. అరుగు మీద కొత్త పరుపు పరిచింది. ఆ గదిలో పొయ్యి వెలిగించి రెండు శీతాకాలాలు దాటింది. పొగగొట్టం దులపాలని గుర్తొచ్చింది, కానీ దులిపితే కొత్త పరుపు మీద మసి పడుతుంది, మధ్యాహ్నం ముంచుకొస్తోంది. పొయ్యి అంటుకుంది కదా, చాలనుకుంది. తెల్లారేదాకా పిల్ల పొయ్యి కోసం లేవాల్సిన పని లేకుండా బొగ్గు నిండుగా పోసి, పైన తడి బొగ్గుమట్టి మెత్తి, నిదానంగా కాలేలా సర్దింది. ఖర్జూరం పెట్టిన ఆవిరిరొట్టెలు, ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఒక బకెట్టు లోపల పెట్టింది.

రూయున్ ఫోన్ తల్లి చేతిలో పెట్టి, ఎర్ర మేజోళ్ళతో అరుగెక్కి కూర్చుంది. సూపింగ్ తలుపు మూసి, బయటినుంచి సందుల మీద ఎర్రకాగితం చీలికలు మైదా జిగురుతో అంటించడం మొదలుపెట్టింది. కిటికీ పైన గాలి కోసం ఉంచిన కన్నాన్ని కూడా వదల్లేదు. లోపల్నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"అమ్మా, వంకరగా అంటిస్తున్నావేమో చూసుకో. సీసాకి మూత బిగించి లేబుల్ వేసినట్టుంది నా పని. తయారీ తేదీ కూడా రాయి."

"ఇంక మాట్లాడకు. మధ్యాహ్నమైంది."

"గడువు తేదీ?"

"రూయున్."

అంతే, లోపల చప్పుడు ఆగిపోయింది. సూపింగ్ తూర్పు గదిలోకి వెళ్ళి తనూ తలుపేసుకుంది. తన గదికి వెలుగు సంగతి పట్టించుకోలేదు. ఆ రోజే తన నెల కూడా అడిగి, రెండో నెల కోడికి తలుపు వేసుకుంటే చాలన్నాడు ముసలాయన.

రెండు గదులకీ మధ్య గోడ ఒకటే. రూయున్ చిన్నప్పుడు అల్లరి చేస్తే పడమటి గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడినుంచి అది గోడ తట్టేది, ఇటునుంచి ఫూషాన్ తిరిగి తట్టేవాడు, అలా రాజీ అయిపోయేది. ఆ మధ్యాహ్నం కాసేపటికి గోడ మీద చప్పుడైంది. టక్ టక్, కొంటెగా, పాట పాడుతున్నట్టు. సూపింగ్‌కి నవ్వొచ్చింది. పలకలేదు. చెవి మాత్రం గోడకి ఆనించి కూర్చుంది. కాసేపు తట్టి, విసుగొచ్చి మానేసింది పిల్ల.

వెలుగు తగ్గింది. కొర్రగంజి తాగి, గిన్నె పక్కన పెడుతుంటే మళ్ళీ తట్టిన చప్పుడు. ఈసారి పాట లేదు. మెల్లగా ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. తరవాత గోడ పొడుగునా ఏదో జారిన చప్పుడు, నేల మీద ఏదో దొర్లిన చప్పుడు. ఫ్లాస్కు అయి ఉంటుందనుకుంది. సూపింగ్ చెయ్యి తనంతట తనే లేచి గోడ మీదికి పోయింది. ఒక్కసారి తడితే చాలు, అమ్మ ఇక్కడే ఉందని తెలుస్తుంది. తడితే ఇద్దరి జాడా దొరుకుతుంది. తల్లి పోయింది, ఫూషాన్ పోయాడు, నవ్వినవాళ్ళందరూ పోయారు. ఆమె ఆ చేతిని వెనక్కి లాక్కుని, తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుంది. పెద్దగా ఏడవాలనిపించింది, ఏడ్చినా పలికినట్టే అవుతుందని పళ్ళు బిగబట్టింది.

ఆ తరవాత గోడ నిశ్శబ్దమైపోయింది. పిల్ల పడుకుంది అనుకుంది సూపింగ్. గండం సగం గడిచిందనుకుంది. ఎన్నో ఏళ్ళ తరవాత మొదటిసారి ఆమెకి నిజంగా ఊరటగా అనిపించింది. అలాగే నిద్రపోయింది కూడా.

తెల్లారాక, సూర్యుడు కొండ మీదికి వచ్చేదాకా ఆగి మరీ, వెళ్ళి ఎర్రకాగితాలు చింపింది. తలుపు కొంచెం తెరుచుకుని ఆగిపోయింది, వెనక ఏదో అడ్డం ఉంది. భుజంతో నెట్టింది. లోపలినుంచి వెచ్చటి గాలి మొహాన కొట్టింది. రూయున్ నేల మీద, గోడవారనుంచి తలుపు దాకా పాకి, ఒక చెయ్యి తలుపు కింద పెట్టి పడి ఉంది. బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి. ఆ రంగు చూసి, వెచ్చగా నిద్రపోతోందని ఒక్క క్షణం సూపింగ్ అనుకుంది. ఆ ఒక్క క్షణం ఆమెని ఆ తరవాత బతికినన్నాళ్ళూ వదల్లేదు.

కొత్త పరుపు నలగలేదు. రొట్టె ఒకటి సగం కొరికి ఉంది. పొగగొట్టం మెడ దగ్గర ఎప్పటిదో పిచ్చుకగూడు, దాని మీద గడ్డకట్టిన మసి. గోడ తట్టిన పిల్ల ఇంక లేవలేదు. ఊళ్ళోవాళ్ళు వచ్చారు. బొగ్గు విషం అన్నారు, ఏటా ఎక్కడో ఒకచోట ఇలా అవుతూనే ఉంటుందన్నారు. కోడి సంవత్సరం అన్నారు మరికొందరు. కువాంగ్ కూడా వచ్చాడు, కర్ర తాటించుకుంటూ. "గదిలో పొయ్యి ఉందని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు. సూపింగ్ ఆయన్ని తప్పు పట్టలేదు. ఆయనకి చెప్పనిది అదొక్కటే కాదు.

పెళ్ళికాని ఆడపిల్లకి తండ్రి వాళ్ళ పెద్దల పక్కన చోటు ఉండదు. ఆ వంశానికి ఆమె చెందదు, ఇంకో వంశానికి ఇంకా చేరలేదు. అందుకని శవపెట్టెని చేను గట్టున పెట్టి, చుట్టూ ఇటుకలు పేర్చి, తాత్కాలికంగా మూసేశారు. సూపింగ్ షెడ్డుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ గట్టు మీదినుంచే నడిచేది. లేబుళ్ళు అంటించడానికి ఇంకో పిల్లని పెట్టుకున్నారు. బాయ్ వాళ్ళ అబ్బాయికి కొర్ర కోతలు అయ్యేలోగా ఇంకో సంబంధం చూశారు. అందులో వాళ్ళ తప్పేం లేదు.

ఆ మిగిలిన సంవత్సరమంతా ఆమెకి ఒకే ఒక్క మాట చెవుల్లో మోగేది. నలుగురి మధ్యా కూర్చోబెట్టు, తలుపులు బార్లా తీసి పెట్టు. వండేటప్పుడు, జాడీ తిరగేసేటప్పుడు, వీధిలో ఎవరైనా పలకరించినప్పుడు అదే. పిల్లని కోడి సంవత్సరం పట్టుకుపోయిందని ఆమెకి చెప్పినవాళ్ళకి ఆమె ఎదురు చెప్పేది కాదు. పట్టుకుపోయింది సంవత్సరం కాదని, తను దాచిన నెల అని, ఎవరికి చెప్పుకుంటుంది?

చలి మళ్ళీ మొదలయ్యాక షీ అక్క వచ్చింది. ఈసారి నోట్లో గింజలు లేవు. అరుగు అంచున కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు పంట గురించీ మోకాళ్ళ నొప్పి గురించీ మాట్లాడింది.

"సూపింగూ, నువ్వు కోపగించుకోనంటే ఒక మాట చెప్తా. హౌ వాళ్ళని ఎరుగుదువు కదా, వాగు పై ఊరు. వాళ్ళ అబ్బాయి మొన్న మోటార్‌సైకిల్ మీద లోయలో పడి పోయాడు. పెళ్ళి కాలేదు. వాడు ఒంటరిగా పడుకున్నాడని తల్లికి నిద్ర లేదు. ఇక్కడ మన పిల్లా అంతే, చేను గట్టున. పోయినవాళ్ళకి చేసే పెళ్ళి చేసి ఇద్దరినీ ఒకచోట పెడితే దానికీ ఒక ఇల్లంటూ ఉంటుంది, వాళ్ళ పెద్దల పక్కన. దానికీ ఏటా అగరొత్తి వెలిగించేవాళ్ళుంటారు."

సూపింగ్ లేచి పొయ్యిలో బొగ్గు ఎగదోసింది. ఆ ఇంట్లో ఇప్పుడు పొయ్యి వెలిగితే తలుపు ఓరగా తెరిచి ఉంటుంది, ఎంత చలైనా.

"పిల్లాడు ఎలాంటివాడు?" అని అడిగింది.

"మెత్తనివాడట. వంట కూడా వచ్చట."

"పిల్లది ఏ నెల అని అడిగారా?"

"అడగలేదు. నేనే చెప్పా, ఎనిమిదో నెల, మంచి నెల అని."

"ఎనిమిదో నెల కాదు షీ అక్కా. పన్నెండో నెల. ఇరవయ్యో తేదీ."

షీ అక్క మొహం మారింది. కువాంగ్ గదిలో, ముసలమ్మ పక్కన, దోసిట్లో గింజల తొక్కలతో తను విన్నది ఆమెకీ గుర్తొచ్చినట్టుంది. సూపింగ్‌ని చూసింది, గోడని చూసింది, మళ్ళీ సూపింగ్‌ని చూసింది.

"నా మోకాలు నీ మోకాలికి తగులుతూనే ఉంది కదే ఆ రోజు," అంది గొంతు తగ్గించి. "నా వల్లేనా చెప్పలేదు?"

"నీ వల్ల కాదు. నేనే చెప్పలేదు."

"పోనీ లే, ఇప్పుడెందుకది. పోయినవాళ్ళకి నెలలెవరు చూస్తారు? ఎనిమిదే అని ఉండనీ."

"ఉండనివ్వను. వెళ్ళి పన్నెండో నెల అని చెప్పు. పండగ ముందు పుట్టిన కోడి అని ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పు. విని, ఆలోచించుకుని, ఒప్పుకుంటేనే రమ్మను. లేకపోతే నా పిల్ల గట్టునే ఉంటుంది, నేను రోజూ అటే నడుస్తా."

షీ అక్క వెళ్ళింది. మంచు పడి దారి మూసుకుపోయి, మళ్ళీ తెరుచుకున్నాక గానీ తిరిగి రాలేదు. వచ్చేసరికి పన్నెండో నెల సగం దాటింది. సూపింగ్ పిండి కలుపుతోంది, పొడుగాటి సేమియా కోసం. ఇద్దరికి సరిపడా కలుపుతోంది, అలవాటు కొద్దీ. గుమ్మంలోనే నిలబడి బూట్లకున్న మంచు దులుపుకుంటూ షీ అక్క చెప్పింది.

"చెప్పా. ఉన్నదున్నట్టు చెప్పా. వాళ్ళకేం అభ్యంతరం లేదట."

"పన్నెండో నెల అని చెప్పావా?"

"చెప్పానే. ఆ తల్లి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నెల ఏదైతే ఏం, పిల్ల మంచిదైతే చాలు, మా ఇంటికి పంపమనండి అంది."

సూపింగ్ పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. ఆ మాట ఒక్కరైనా అంటారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అనుకోకనే అన్నేళ్ళూ దాచింది. ఇప్పుడు అడగ్గానే అనేశారు, విని నవ్వడానికి పిల్ల లేదు.